కాగితం లేదని నేను ఒప్పుకున్న అడవి

ఒక అడవి వయసును రుజువు చేయమని మిమ్మల్ని ఎవరైనా నిలదీస్తే, మీరు ముందుగా ఎవరిని అడుగుతారు?

ఈ ప్రశ్నకు నేను రెండుసార్లు జవాబు చెప్పాను. మొదటిసారి ఢిల్లీలోని ధౌలా కువాన్‌లో చదువుకునే రోజుల్లో, కాలేజీ డిబేట్ వేదిక మీద. అప్పుడు కప్పు గెలిచాను. రెండోసారి యమున ఒడ్డున ఒక గ్రామంలో, బడి వరండాలో జరిగిన విచారణలో. అప్పుడు ఆ గ్రామం తరతరాలుగా కాపాడుకుంటున్న అడవిని దాదాపు పోగొట్టాను. రెండుసార్లూ నా ధీమా ఒక్కటే, నా పద్ధతీ ఒక్కటే.

డిబేట్‌లో ఆ రోజు తీర్మానం, "రాసి ఉంచినదే వారసత్వం" అన్నది. నేను అనుకూలంగా మాట్లాడాలి. అంతకు ముందు వారమంతా లైబ్రరీలో వెతికి ఇంగ్లాండు ఉదాహరణ ఒకటి పట్టుకున్నాను. అక్కడ పదహారువందల సంవత్సరం నాటికే ఉండి, ఆ తరువాత అడవిగానే కొనసాగుతూ వచ్చినదాన్ని ప్రాచీన అడవి అంటారు. ఆ సంవత్సరమే ఎందుకంటే, నమ్మదగిన పటాలు గీయడం ఇంచుమించు ఆ కాలంలోనే మొదలైంది. అంతకు ముందు పనిగట్టుకుని అడవులు నాటిన వాళ్ళు తక్కువ. కాబట్టి తొలి పటాల్లో అడవి కనబడిందంటే అది అప్పటికే చాలా పాతదై ఉంటుంది. "పటం లేకపోతే ఆ చెట్లకు పుట్టుపూర్వోత్తరాలే లేవు. కాగితమే అడవికి కంచె," అని ముగించాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

మా నాన్నగారి పాత స్నేహితుడు ఒకాయన ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరై, ఫరీదాబాద్ శివారులో ఫ్లాట్ కొనుక్కుని ఉంటున్నారు. ఉద్యోగమంతా పటాలు గీయడం, సరిహద్దులు కొలవడం. నేను నంద్యాల నుంచి వచ్చి చేరినప్పుడు, హాస్టల్ దరఖాస్తులో స్థానిక సంరక్షకుడు అన్న గడిలో నాన్న ఆయన పేరే రాశారు. ఆ గడిని ఆయన చాలా గంభీరంగా తీసుకున్నారు. నెలకు రెండు ఆదివారాలు వాళ్ళింట్లో భోంచేయవలసిందే. హాస్టల్ వదిలి మునిర్కాలో గది తీసుకున్నాక కూడా ఆ నియమం మారలేదు. మునిర్కాలో మెట్రో ఎక్కి, కాల్కాజీ దగ్గర మారి, చివర్లో ఆటో మాట్లాడుకుని వెళ్ళేదాన్ని.

కప్పు గెలిచిన మరుసటి ఆదివారం నా ప్రసంగమంతా ఆయనకు ఒప్పజెప్పాను. ఆయన పెరుగన్నం ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని అడిగారు.

"గెలిచావు, సంతోషం. మరి ఆ అడవి ఎప్పుడైనా చూశావా అమ్మా?"

"లేదంకుల్. చూసే పనేముంది? రూల్ ఉంది కదా."

"ఓసి నీ డిబేటు బంగారం గాను! పెళ్ళికూతుర్ని చూడకుండానే సంబంధం ఖాయం చేసేశావన్నమాట."

ఆంటీ వంటింట్లోంచి అందుకున్నారు. "ఈయన చూశార్లే. ఏడాది పొడుగునా చూశారు. అక్కణ్ణించి నాకు రాసిన ఉత్తరాల్లో చెట్ల గురించే గానీ, నన్ను గురించి ఒక్క ముక్క ఉంటే ఒట్టు."

"రాశానుగా. నువ్వుంటే బాగుండునని రాశాను."

"చెట్టు కింద కూర్చోడానికి."

అలా తెలిసింది నాకు, ఆయన ఉద్యోగంలో కుదురుకున్న కొత్తల్లో పటాల పనిలో శిక్షణ కోసం ఇంగ్లాండులో ఒక ఏడాది ఉన్నారని, ఆయన అద్దెకున్న ఊరి పక్కనే నది, నది వెంబడి ఒక పాత అడవి ఉండేవని. ప్రతి ఆదివారం అందులో నడిచేవారట. ఆయన లేచి వెళ్ళి బీరువా కింది అరలోంచి ఒక పాత నోటుపుస్తకం తెచ్చారు. పేజీ నిండా పెన్సిల్‌తో గీసిన ఆ అడవి పటం. ఎవరూ గీయమనలేదు. చెయ్యి ఊరుకోక గీశారు.

అడవి చుట్టూ ఆయన ఒక మందమైన గీత గీశారు. అది మట్టికట్ట అట. పక్కనే కందకం. పశువులూ జింకలూ లోపలికి దూరి లేత చిగుళ్ళు మేయకుండా వందల ఏళ్ళ కిందట మనుషులు చేత్తో తవ్వినది. ఇప్పుడు మోకాలెత్తు మాత్రమే మిగిలింది, దాని మీద పాచి పట్టింది. అయినా అడవి ఎక్కడ మొదలవుతుందో కాలికి తెలుస్తుంది. నదికి దగ్గరగా ఆల్డర్ చెట్లు. ఆ కర్ర నీళ్ళలో నానినా కుళ్ళదు కాబట్టి రేవుల్లో గుంజలకు వాడేవారట. గట్టు పైన హేజెల్ పొదలు.

"నన్ను ఆశ్చర్యపరిచిందేంటో తెలుసా? ఆ అడవిని వాళ్ళు నరికేవారు," అన్నారాయన.

"నరికితే ఎలా మిగిలింది?"

"అందుకే మిగిలింది. హేజెల్‌ని నేలకి జానెడెత్తులో కొట్టేస్తారు. మొదట్లోంచి పది కర్రలు లేస్తాయి. కొన్నేళ్ళాగి మళ్ళీ కొడతారు. అడవిని ముక్కలుగా పంచుకుని, ఈ ఏడు ఈ ముక్క, వచ్చే ఏడు ఆ ముక్క. వంతు తప్పి ఎవరూ గొడ్డలెత్తరు. పైన కర్ర కుర్రది, కింద మొదలు మాత్రం ముత్తాతకి ముత్తాత. వసంతంలో ఎండ నేల దాకా దిగుతుంది కదా, అప్పుడు నేలంతా నీలం. బ్లూబెల్ పూలు. ఆ పూలు ఏళ్ళకేళ్ళు పట్టి అంగుళం అంగుళం పాకుతాయట. అంత నీలం కనబడిందంటే ఆ నేలని ఎవరూ దున్నలేదని అర్థం. పటం నేను తర్వాత చూశాను. ముందు నాకు చెప్పింది ఆ పువ్వే."

ఎన్ని రాజ్యాలు మారాయో, ఎన్ని ఓడలకూ కొలుములకూ కట్టెలు కావలసి వచ్చిందో, ఆ కాలమంతా వంతు తప్పకుండా గొడ్డలి దించిన మామూలు మనుషులను తలుచుకుంటే గౌరవం కలిగింది. ఒకరు నాటినది కాదు, ఒకరు కాపలా కాసినది కాదు. ఒక క్రమశిక్షణ ఒక తరం నుంచి ఇంకో తరానికి చెయ్యి మారుతూ వచ్చింది. నా ప్రసంగంలో ఆ మనుషులకు ఒక్క వాక్యం కూడా దక్కలేదు.

"పద, చెప్పులేసుకో. ఇక్కడ కూడా ఒకటుంది, చూపిస్తాను. పటంలో మాత్రం లేదు," అన్నారు.

వాళ్ళ కాలనీ దాటి, ఇటుక బట్టీల పక్కనుంచి అరగంట నడిస్తే ఆ గ్రామం వస్తుంది. గ్రామం దాటితే యమున వైపు నేల కొంచెం పల్లమవుతుంది. ఆ పల్లం మొదలయ్యే చోట ఉంది బనీ. ఇక్కడి పల్లెల్లో దేవుడి పేర వదిలేసిన చిన్న అడవిని బనీ అంటారు. గుడి లేదు. సున్నం కొట్టిన రాళ్ళ గుట్ట ఒకటి, దాని మీద మట్టి ప్రమిద. అంతే.

దారి పొడుగునా ఉన్నది ఒకే ఒక చెట్టు. మా వైపు సర్కారు తుమ్మ అంటాం, ఇక్కడ విలాయతీ కీకర్ అంటారు. ఎక్కడ నేల చెడితే అక్కడ అది మొలుస్తుంది. బనీలోకి అడుగు పెట్టాక మాత్రం అది ఒక్కటి కూడా కనబడలేదు. లోపల మెలికలు తిరిగిన పీలు చెట్లు, వాటి మొదళ్ళలో మనిషి కూర్చునేంత తొర్రలు. తడి ఎక్కువున్న చోట ఎత్తయిన కైం చెట్లు. అది వానలు మొదలైన నెల. కైం చెట్ల నిండా లేత పసుపు రంగులో గుండ్రటి పూలబంతులు. గాలి వీచినప్పుడల్లా తియ్యటి వాసన.

"అక్కడ బ్లూబెల్ చెప్పినట్టు, ఇక్కడ ఈ పీలు చెప్తుంది. దున్నిన నేలలోకి ఇది తొందరగా తిరిగి రాదు. కీకరు లోపలికి రాలేదంటే ఈ మట్టిని ఎవరూ కదపలేదని," అన్నారు అంకుల్. నోటుపుస్తకంలోని అడవి గురించి చెప్పినప్పటిలాగే ఇక్కడ కూడా గొంతు తగ్గించే మాట్లాడారు.

తిరిగి వస్తుంటే అంచున కూర్చున్న ముసలామె చేత్తో ఆపింది. ఊళ్ళో అందరూ ఆమెను దాదీ అంటారు. బనీలో దీపం పెట్టే వంతు వాళ్ళ ఇంటిది. ఆమె మాట్లాడే హర్యానా హిందీని నాకు వచ్చినంతలో తెలుగు చేస్తున్నాను; ఛోరీ అంటే పిల్లా అని.

"ఛోరీ, సంచీ దులుపు."

"ఏముంది దాదీ ఇందులో? పుస్తకాలు."

"పుస్తకాలైతే దులిపినా ఎగిరిపోవులే. దులుపు."

దులిపాను. నేను దాచుకున్న కైం పూలబంతి ఒకటి కింద పడి దొర్లింది. అంకుల్ నవ్వు ఆపుకుంటూ అటు తిరిగారు. ఆమె కోప్పడలేదు. దాన్ని ఏరి లోపలికి విసిరేసి, "ఇప్పుడు చెప్పులు," అంది. బనీలోంచి బయటికి వచ్చే ప్రతి ఒక్కరూ కొంగు, సంచీ, చెప్పులు దులుపుకోవాలి. లోపల రాలిన ఆకు లోపలే ఉండాలి. ఎండిన కొమ్మ కూడా అంతే. చలికాలం పొయ్యిలోకి పుల్ల లేని ఇల్లు కూడా అక్కడి పుల్ల ముట్టదు.

ఇంగ్లాండులో పేదవాళ్ళకు ఎండు కట్టెలు ఏరుకునే హక్కు ఉండేదని ఎక్కడో చదివాను. అదే మాట ఆమెతో అన్నాను. వాదన నా అలవాటు కదా.

"వాళ్ళ దేవుడు పెద్దవాడేమో, ఇస్తాడు. మా దేవుడికి ఇదే ఇల్లు. ఇంటి వాసాలు ఎవరన్నా ఇస్తారా?" అంది దాదీ.

ఆ తరువాత రెండేళ్ళలో ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. ఒక అడవి నరకడం వల్ల బతికింది, ఇంకొకటి ముట్టకపోవడం వల్ల బతికింది. పైకి రెండూ విరుద్ధాలు. లోపల ఉన్నది ఒకే నిగ్రహం: చెయ్యి చాచగలిగి కూడా చాచకపోవడం. ఈ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, ఎప్పుడైనా ఏదైనా వేదిక మీద వాడాలని దాచుకున్నాను. వేదిక త్వరగానే దొరికింది.

నదీతీరంలో పార్కు కట్టే ప్రణాళిక వచ్చింది. పచ్చిక, సైకిళ్ళ దారి, కూర్చునే బల్లలు. బనీ ఉన్న చోట వాహనాలు నిలిపే చోటు. గ్రామంలో అంటించిన నోటీసులో ఆ స్థలాన్ని "తమంతట తామే మొలిచిన పొదలు" అని రాశారు. రెవెన్యూ లెక్కల్లో అది సాగుకు పనికిరాని భూమి. అభ్యంతరాలు వినడానికి ఫలానా రోజు అధికారి వస్తారని చివర్లో ఉంది. నోటీసు ఫోటో అంకుల్ పంపగానే నేను మునిర్కా నుంచి బయలుదేరాను.

గ్రామ పెద్దలు దాదీ ఇంటి ముందు మంచాల మీద కూర్చుని ఉన్నారు. ఎవరు మాట్లాడాలన్నది తేలలేదు. దాదీ నా వైపు చూపించింది. "ఈ పిల్ల మాట్లాడుతుంది. నాతోనే రెండేళ్ళుగా వాదిస్తోంది, ఆఫీసరు ఎంత?" అందరూ నవ్వారు, ఒప్పుకున్నారు.

విచారణకు వెళ్ళే దారిలో అంకుల్ ఒక్క మాటే అన్నారు. "నువ్వు తక్కువ మాట్లాడమ్మా. ఆవిడ చేత ఎక్కువ మాట్లాడించు."

"ఆమె భావోద్వేగంతో మాట్లాడుతుంది అంకుల్. అక్కడ తర్కం కావాలి," అన్నాను. ఆ వాక్యం ఇప్పటికీ నా చెవిలో గుచ్చుకుంటుంది.

డిబేట్‌లో మాకు నేర్పిన గొప్ప ఎత్తుగడ ఒకటుంది. ఎదుటివాడి బలమైన వాదనను కాదనకూడదు. ఒప్పేసుకోవాలి. "సరే, మీరన్నదే నిజమనుకుందాం, అయినా మీరు ఓడిపోతారు" అని చూపించాలి. తీర్పరులకు అది చాలా ఇష్టం. బడి వరండాలో బల్ల వెనక అధికారి, పక్కన టైపు చేసే గుమాస్తా, ఎదురుగా నేల మీద ఊరంతా. నేను లేచి ఇంగ్లాండు అడవి గురించి చెప్పాను, పీలు చెట్ల గురించి చెప్పాను, నిగ్రహం గురించి దాచుకున్న వాక్యం కూడా చెప్పాను.

అధికారి మర్యాదగా విన్నాడు. "బాగుంది మేడమ్. బనీ ఇంత పాతదని రికార్డు ఏమైనా ఉందా?"

నా ఒంట్లో డిబేటర్ మేల్కొంది. "వాదన కోసం, ఏ రికార్డూ లేదనే ఒప్పుకుందాం సార్. అయినా ఆ నేలే సాక్ష్యం," అంటూ మరో పది నిమిషాలు అనర్గళంగా మాట్లాడాను. కూర్చున్నాక కొందరు తలలు ఊపారు. గుమాస్తా వేళ్ళు అంతకు చాలా ముందే ఆగిపోయాయని నేను గమనించలేదు.

నాలుగు రోజుల తరువాత విచారణ నివేదిక నకలు వచ్చింది. నా అరగంట ప్రసంగానికి అందులో దక్కినది ఒక్క వాక్యం. స్థలం ప్రాచీనమైనదని చూపే పత్రాలేవీ లేవని గ్రామం తరఫు ప్రతినిధి అంగీకరించారు. గుమాస్తా తప్పు చేయలేదు. నేను అన్నదే రాశాడు. డిబేట్ వేదిక మీద ఒప్పేసుకున్న మాటను వాదన ముగిశాక వెనక్కి తీసుకోవచ్చు. ప్రభుత్వ ఫైలులో ఒప్పేసుకున్న మాట ఫైలుదే అవుతుంది.

ఆ కాగితం చేతిలో పట్టుకుని దాదీ ముందు నిలబడడం నా జీవితంలో నేను చేసిన అతి కష్టమైన పని. చదివి వినిపించాను. కోడలు చాయ్ తెచ్చింది, ఎవరూ తీసుకోలేదు.

"రికార్డు లేదని నీకెవరు చెప్పారు?" అంది దాదీ.

"అంటే... ఎవరూ చెప్పలేదు దాదీ. ఉన్నట్టు నాకు తెలియదు."

"నన్నడిగావా?"

నేను ఆ కాగితం మడతపెట్టాను.

"రెండేళ్ళుగా వస్తున్నావు. చెట్టు పేరు అడిగావు, పువ్వు పేరు అడిగావు, దేవుడి పేరు అడిగావు. మీ దగ్గర కాగితం ఉందా దాదీ అని ఒక్కసారి అడిగావా? చదువు రాని ముసలిది, దీనికి కాగితం సంగతి ఏం తెలుసులే అనుకున్నావు. చిలకలా మాట్లాడతావు బేటీ. కానీ చిలకకి కూడా తన చెట్టు ఎవరిదో తెలుసు."

అంకుల్ నెమ్మదిగా ముందుకు వంగారు. "బెహన్‌జీ, కాగితం ఉందా?"

"మా మామ చెప్పేవాడు. ఇంగ్లీషు దొరలు ఊరూరా తిరిగి భూములు కొలిచినప్పుడు, ఊరి కట్టుబాట్లు కూడా అడిగి రాసుకున్నారట. బనీ కట్టుబాటు చెప్పింది మామ తాత. అది తహసీల్లో ఎర్ర గుడ్డ మూటలో ఉందనేవాడు. ఉందో, చెదలు తిన్నదో."

అంకుల్ ముఖం వెలిగిపోయింది. అలాంటి రిజిస్టర్లు ఉంటాయని ఆయనకు తెలుసు. ఈ ప్రాంతం అప్పట్లో చేరి ఉన్న పంజాబులో ఊళ్ళ హక్కులూ ఆచారాలూ రాసి పెట్టిన పుస్తకాలను వాజిబ్-ఉల్-అర్జ్ అంటారని, ఉర్దూలో ఉంటాయని చెప్పారు. తమ దేశంలో అడవి హద్దులు పటాల్లో రాసుకున్న వాళ్ళే ఇక్కడికి వచ్చి, ఒక రైతు నోటి మాట విని బనీ నియమాన్ని రాసి పెట్టారన్నమాట. కాగితమే కంచె అని నేను చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ కాగితానికి దారి చూపింది మాత్రం ఒక్క అక్షరం చదవని దాదీ. మామ నోట విన్న మాటను ఒక్క ముక్క జారనీయకుండా దాచుకున్న మనిషి ఆమె.

నివేదికలో తప్పుంటే సవరణ కోరడానికి పదిహేను రోజులు గడువుంది. రికార్డు గదికి మేము వరసగా ఆరు రోజులు వెళ్ళాం. అక్కడి ఉద్యోగి పెద్దవాడు, త్వరలో రిటైరవుతాడు. మొదటి రోజు మమ్మల్ని చూసి, "ఈ ఊరి మూట అడిగినవాళ్ళు నా సర్వీసులో మీరే మొదలు," అన్నాడు. విసుక్కుంటాడనుకున్నాను. ముఖానికి గుడ్డ కట్టుకుని నిచ్చెన ఎక్కాడు. రోజూ నాలుగైదు మూటలు దించి, ముడి విప్పి, దుమ్ము దులిపి, ప్రతి పుస్తకం మొదటి పేజీ చదివి, ఎలా తీశాడో అలాగే తిరిగి కట్టేవాడు. ఒక్క ముడి కూడా నిర్లక్ష్యంగా వేయలేదు. ఆ గదిని చూశాక హేజెల్ నరికేవాళ్ళ వంతు క్రమం నాకు ఇంకా బాగా అర్థమైంది.

ఆరో రోజు మధ్యాహ్నం ఆయన ఒక పేజీ మీద వేలు ఆపి, "మీ చెట్లు దొరికాయి," అన్నాడు.

ఉర్దూలో ఉన్నది ఆయన చదివి హిందీలో చెప్పాడు. నది వైపు పల్లంలో ఉన్న బనీ ఊరందరిదీ. పచ్చి కొమ్మ విరవరు. రాలినది బయటికి తేరు. ఇది ఎప్పటి నుంచి అని అడిగితే, తమ పెద్దలకు కూడా దీని మొదలు తెలియదని ఊరివాళ్ళు చెప్పారు. దాని కింద బొటనవేలి ముద్రల వరస. అందులో ఏది దాదీ మామగారి తాతదో ఎవరూ చెప్పలేరు. నేను ఆ ముద్రల మీద వేలు పెట్టబోయి ఆపుకున్నాను. ఇన్నాళ్ళ తరువాత ముట్టుకోకుండా ఉండడం కొంత నేర్చుకున్నాను.

ధ్రువీకరించిన నకలు తీసుకున్నాం. అంకుల్ రెండు ఉదయాలు టేపు పట్టుకుని బనీ చుట్టూ నడిచి పటం గీశారు. ప్రతి పీలు చెట్టు ఒక చుక్క. రిటైరయ్యాక ఆయన గీసిన మొదటి పటం అదే. ఆంటీ ఫ్లాస్కులో కాఫీ తెచ్చి, బనీ అంచున ఒక చెట్టు కింద కూర్చుని, "ఈ అడవికైనా నేను పనికొచ్చాను," అన్నారు. ఊళ్ళో పెద్దవాళ్ళు పదకొండు మంది తాము పాటించిన నియమాన్ని తమ మాటల్లో చెప్పారు. నేను ఒక్క విశేషణం కూడా చేర్చకుండా రాశాను. ఇది నాకు డిబేట్ కంటే కష్టమైంది.

సవరణ దరఖాస్తుతో అధికారి స్వయంగా స్థలం చూడడానికి వచ్చాడు. నేను ఫైలు పట్టుకుని వెనక నిలబడ్డాను.

"చెప్పండి అమ్మా," అన్నాడు దాదీతో.

"నేనేం చెప్తాను సాబ్, మావాళ్ళు అప్పుడే చెప్పారు, మీవాళ్ళు అప్పుడే రాసుకున్నారు. చదువుకోండి," అంది దాదీ. తరువాత ఆయన్ని లోపలికి తీసుకువెళ్ళి గంటసేపు తిప్పింది. ఎండదెబ్బ తగిలిన తన అత్తను ఏ చెట్టు తొర్రలో కూర్చోబెట్టారో, వరదొచ్చిన ఏడు నీళ్ళు ఏ కైం మొదటి దాకా వచ్చి ఆగాయో, ఏ వైపు నుంచి కీకరు వస్తుంటే ఆడవాళ్ళు ఏటా మొలకలు పీకుతున్నారో చూపించింది. కీకరు తనంతట తానే లోపలికి రాకుండా ఉండిపోయిందనుకున్నాం మేము. అంకుల్ కూడా అలాగే అనుకున్నారు. కాదట. వానలు తగ్గగానే ఒక ఉదయం ఊరి ఆడవాళ్ళంతా వెళ్ళి పీకుతారట, అది నియమంలో రాయని నియమం. ఇంగ్లాండు మట్టికట్టకు ఇక్కడ బదులుగా ఉన్నదేమిటో అప్పుడు తెలిసింది నాకు. ఇక్కడ అది నేల మీద లేదు, ఆ ఆడవాళ్ళ చేతుల్లో ఉంది.

"ఇది ముందే ఎందుకు చెప్పలేదు దాదీ?" అని గొణిగాను.

"అదీ అడగలేదుగా," అంది వెనక్కి తిరగకుండా.

ఫైలులో నా వాక్యాన్ని కొట్టివేయలేదు. ప్రభుత్వ కాగితంలో ఏదీ చెరిపేయరు. దాని కింద సవరణ రాశారు. గ్రామానికి పత్రాధారం ఉన్నదని, పాత రిజిస్టరులో బనీ ప్రస్తావన ఉన్నదని, పూర్తి పరిశీలన అయ్యేదాకా ఆ భాగంలో చెట్లు కదిలించరాదని. తుది నిర్ణయం ఇంకా పై కార్యాలయంలో ఉంది. నేను అన్న మాట, దాదీ చూపిన సత్యం, రెండూ ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఆ పేజీ చదివే ప్రతి అధికారి ముందు నా మాటే చదువుతాడు. ఇది నేను మోయవలసినది. మోస్తున్నాను.

మీ ఊరికి దగ్గర్లోనూ ఎవరూ నరకని చెట్ల గుంపు ఒకటి ఉండే ఉంటుంది. వాగు ఒడ్డున, చెరువు వెనక, రైలు పట్టాలకు అవతల. దాన్ని పొదలు అని పిలిచే నోటీసు రాకముందే ఈ ఆదివారం అక్కడికి వెళ్ళండి. వాదించకండి, వర్ణించకండి. అక్కడి అందరికన్నా పెద్దమనిషి పక్కన కూర్చుని, ఇక్కడ ఏం చేయకూడదు, ఏం చేయాలి, కాగితం ఎక్కడైనా ఉందా అని అడగండి. చెప్పింది చెప్పినట్టు రాయండి. వాళ్ళ సంతకమో వేలిముద్రో తీసుకోండి. ఒక ప్రతి వాళ్ళ చేతికివ్వండి. ఇంకొకటి తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి, ముట్టినట్టు ముద్ర వేయించుకోకుండా మాత్రం ఇంటికి రాకండి.